కుంటి కుండ

మా అత్త ఓడెస్సా అద్దం ముందు నిలబడి
చెంపల మీద రెండు వేళ్ళు ఆనించి చెప్పేది:
"ఈ ఎముకలు ఎక్కడివనుకున్నావే, లోరీన్?
మన ముత్తవ్వకి అవ్వ చెరోకీ ఆడపడుచు.
ఆ ఇనప కుండ ఆవిడదే."

కుండ పొయ్యి పక్కనే ఉండేది.
మూడు కాళ్ళలో ఒకటి విరిగి,
విరిగిన కాలి కింద ఒక ఏటిరాయి.
మా ఇంట్లో అందరికంటే పెద్దది అదే.
క్రిస్మస్‌కి దాన్లో బీన్స్ ఉడికేవి,
చావుకీ అవే ఉడికేవి.

అత్త పోయింది. నాకు పనీ తక్కువైంది.
పేరు లేని ఆ అవ్వ కోసం బయల్దేరాను.

ఎలిజే కోర్టు నేలమాళిగలో
పెళ్ళి పుస్తకాలు, పన్ను పుస్తకాలు, బూజు.
ప్రూయిట్లు దొరికారు, కుప్పలు కుప్పలుగా.
పందుల్ని అమ్మినవాళ్ళు, పందుల కోసం తన్నుకున్నవాళ్ళు,
తాగి చర్చికొచ్చి వెలి పడినవాడొకడు.
వాడంటే కాస్త ఇష్టం కలిగింది.
ఆడవాళ్ళకి మాత్రం పేర్లే లేవు:
"పైవాని భార్య."
ప్రతి భార్య దగ్గరా వేలు ఆపాను,
ఈవిడేనా, ఈవిడేనా అని.

మనవడు గాజు గొట్టం తెస్తే దాన్లో ఉమ్మేశాను.
ఆరు వారాలకి జవాబొచ్చింది:
స్కాట్లండ్, ఐర్లండ్, చెంచాడు వేల్స్.
ఈ నేలది చుక్క లేదు.
ఆ రాత్రి అద్దంలో చెంపలు తడుముకున్నాను.
ఎముకలు ఏమీ అనలేదు.

అక్కడితో మానేస్తే పోయేది.
ఏరు పుట్టిన చోటు అడగొద్దంటారు,
ఎందుకొద్దన్నారో అడిగాక గాని తెలీదు.

పద్దెనిమిది వందల ముప్ఫై రెండు.
పీపాలో చీటీలు కలిపి తీస్తే
ఎలైజా ప్రూయిట్ పేరుకి భూమి తగిలింది,
నూట అరవై ఎకరాలు, కూసవాటీ ఒడ్డున.
ఆ ఎకరాల్లో అప్పటికే ఎవరి పొయ్యో
పొగ లేస్తోందని చీటీ మీద లేదు.

ఇంకో కాగితం పదేళ్ళ తర్వాతిది.
నెలల తరబడి నడిపించి దింపిన పడమటి దేశంలో రాసింది.
ఐల్సీ అనే విధవరాలు తన భాషలో చెబుతుంటే
దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు,
గుమస్తా అంకెల్లోకి మార్చాడు.

కూసవాటీ ఒడ్డున ఇల్లు, ఇప్పుడు ప్రూయిట్ అనేవాడు ఉంటున్నది.
పీచు చెట్లు ముప్ఫై ఒకటి, కాపు మీదున్నవి.
బాతులు పదకొండు.
మగ్గం ఒకటి, దాని మీద సగం నేసిన గుడ్డ.
ఇనప కుండ ఒకటి, కాలు విరిగింది,
డాలరూ పాతిక సెంట్లు.

సిపాయిలు వచ్చినప్పుడు పొయ్యి మీదే ఉందట.
బీన్స్ ఇంకా ఉడకలేదట.
సంతకం చోట ఇంటూ గుర్తు.

కాగితం బల్ల మీదే పెట్టి బయటికొచ్చి
కార్లో కూర్చున్నాను, తాళం తిప్పకుండా.
నా చిన్నప్పటి ఆకలంతా
ఆవిడ కుండలో ఉడికింది.

ఏ పిల్లో అడిగి ఉంటుంది, ఈ కుండ ఎవరిదమ్మా అని.
చెరోకీ అవ్వది, అని ఉంటుంది ఎలైజా పెళ్ళాం.
అబద్ధం ఆడలేదు పాపం.
"మన" అన్న మాట తర్వాత ఎవరో చేర్చారు,
ఉప్పు చాల్లేదనుకుని.

ఓక్లహోమాలో, స్టిల్‌వెల్ దగ్గర,
ఐల్సీ కూతురి వైపు మనిషి ఉంది. రొవీనా కింగ్‌ఫిషర్.
నెంబరు దొరికిన పద్దెనిమిదో రోజుకి గాని నొక్కలేకపోయాను.
చెప్పవలసిందంతా అడ్డదిడ్డంగా చెప్పాను.
నన్ను చూసి మీరేమనుకున్నా సరే, కుండ తెస్తానన్నాను.

అవతల కుక్క మొరిగింది. ఎవరో తలుపు వేశారు.
చాలాసేపటికి అడిగింది:
"కాలు విరిగిందన్నావు. మరి ఎలా నిలబడింది?"
కింద రాయి ఉందన్నాను.
"ఎక్కడిదది?"
ఏటిది. మా ఇంటి వెనక ఏటిది, అనబోయి
ఏటిది, అని ఊరుకున్నాను.

"ఐతే," అంది,
"రాయి కూడా పట్రా."